మూడో పెట్టె

ఎలుకను చూసి కుళ్ళుకున్న మనిషి ఉంటుందంటే ఎవరైనా నవ్వుతారు. భవిత కుళ్ళుకుంది. అదీ ఒకరోజు కాదు, రెండు నెలలు.

తుర్కపల్లి ల్యాబులో ఆమె పని ఎలుక పిల్లలకు పాలు పట్టడం. డబ్బాపాల పొడి తయారీలో వేడి పెరిగితే పసివాళ్ళ పేగుల ఎదుగుదల ఏమవుతుందో చూడటానికి అక్కడ మూడు పెట్టెలు పెట్టారు. మొదటి పెట్టెలో పిల్లలకు తక్కువ వేడితో చేసిన పొడి. రెండో పెట్టెలో వాటికి బాగా మరగకాచి చేసిన పొడి. ఈ రెండు పెట్టెల పిల్లలకూ సన్నని గొట్టంతో భవితే పాలు పట్టాలి. మూడో పెట్టెలో మాత్రం తల్లి ఉంది. దాని పిల్లలు పొట్ట కింద దూరి, ఒకదాన్నొకటి తోసుకుంటూ తాగేవి. ఆ పెట్టెతో ఎవరికీ పనిలేదు.

ఒంటిగంట వేళ ఆ పెట్టె వైపు చూస్తే చాలు, భవితకు పాలు చేపుకొచ్చేవి. బాత్రూములోకి పరుగెత్తి బేసిన్లోకి పిండేసేది. సరిగ్గా ఆ వేళకే శామీర్‌పేటలో ఆమె ఐదు నెలల కూతురు తృప్తి, అవ్వ బాలమణి ఒళ్ళో పడుకుని సీసా పాలు తాగుతుండేది. పొద్దున్నే కంపెనీ క్యాబు ఎక్కితే భవిత ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. అప్పుడు రొమ్ము అందిస్తే పిల్ల మొహం తిప్పుకుని అవ్వ కోసం చేతులు చాపేది. ఉద్యోగం మానెయ్యమని ఇంట్లో ఎవరూ అనలేదు. మానాలని ఆమెకూ లేదు, ఆ పనంటే ప్రాణం. పిల్లంటేనూ ప్రాణమే. రెండు ప్రాణాలు పెట్టుకున్న మనిషికి సుఖమెక్కడిది?

బేసిన్లో పడే పాలు రోజురోజుకూ తగ్గుతున్నాయి. ఇంకో నెల పోతే పిండటానికి కూడా ఉండవని ఆమెకు తెలుసు. ఈలోగా ఒక్కసారైనా పిల్ల తనంతట తానే తల్లి దగ్గర తాగాలి. దేవుణ్ణి ఆమె అడిగింది అదొక్కటే.

పైగా తృప్తి ఒళ్ళు చేయడం లేదు. పొట్ట ఉబ్బి గట్టిగా ఉంటోంది. డాక్టరు రెండుసార్లు డబ్బా మార్పించాడు.

ఆ శనివారం పెద్ద సైంటిస్టు భాస్కర్ ఆమెను పిలిచి మైక్రోస్కోపులో చూడమన్నాడు. పేగు లోపలి గోడ మీద సన్నని వేళ్ళలాంటివి ఉంటాయి, తిన్నది ఒంటికి పట్టించేవి అవే. మూడో పెట్టెవి నారుమడిలా ఒత్తుగా నిలబడ్డాయి. రెండో పెట్టెవి పొట్టిగా, పలచగా ఉన్నాయి.

"ఎలుకల్లో చూసింది మనుషులకు అంటగట్టకమ్మా. ఇంకా చాలా చూడాలి," అన్నాడు భాస్కర్.

ఆమె తలూపింది గానీ మనసు వింటేనా?

మర్నాడు ఆదివారం. భవిత వంటింట్లోకి వెళ్ళేసరికి స్టవ్ మీద గిన్నెలో తృప్తి పాలు కుతకుత ఉడుకుతున్నాయి. కాచి చల్లార్చిన నీళ్ళలో పొడి కలిపి పట్టమని తను చూపించింది. బాలమణి కలిపిన పాలను మళ్ళీ మరగబెడుతోంది. మీగడ కడితే వడకట్టడానికి తెల్లటి గుడ్డ చేతిలో పట్టుకుంది.

"అత్తమ్మా! ఇదేంది?"

"ఏందంటవేందే? పసిదానికి పచ్చిపాలు తాపుమంటవా? పాలన్నంక కాగాలె, పొంగాలె. ఇన్నేండ్లు బర్లను సాకిన, నాకు ఎరుకలేదా?"

భవితకు ఒళ్ళు మండిపోయింది. అరవబోయి ఆ గుడ్డ వైపు చూసింది. రోజూ సబ్బుతో ఉతికి, ఎండలో ఆరేసి, పిల్ల కోసమని వేరుగా దాచిన గుడ్డ అది. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, పీట లాక్కుని కూర్చుంది. మూడు పెట్టెల సంగతంతా నెమ్మదిగా చెప్పింది.

బాలమణి చివరిదాకా విన్నది. "గట్లయితే మన పిల్ల ఏ పెట్టెల ఉన్నట్టే?"

చెప్పకుండా ఉంటే బాగుండుననుకుంది భవిత. "రెండో దాంట్ల."

బాలమణి స్టవ్ ఆపేసింది.

సోమవారం మధ్యాహ్నం ల్యాబు గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ ఇస్తారి ఫోను చేశాడు. భవిత ఉరికింది. సెవెన్ సీటర్ ఆటోలో దుమ్ము కొట్టుకుపోయిన బాలమణి, కొంగు కింద దాచిన పిల్లను ఆమె చేతుల్లో పెట్టింది.

"మూడో పెట్టెలకు తెచ్చిన. పట్టుకో."

ఇస్తారి తన గది ఖాళీ చేసి బయటికెళ్ళి నిలబడ్డాడు. భవిత కూర్చుని రొమ్ము అందించింది. పిల్ల గింజుకుంటూ ఎప్పటిలాగే అవ్వ వైపు చేతులు చాపింది. బాలమణి చేతులు కూడా వాటంతటవే లేచాయి. ఆమె వాటిని బలవంతాన వెనక్కి పెట్టుకుంది.

"నేను కనవడితే అది నీ దిక్కు రాదు," అని బయటికి పోయి, గోడ అవతల ఎండలో నిలబడింది.

తృప్తి గుక్కపెట్టి ఏడ్చింది. గుమ్మం వైపు చూసి చూసి, అలిసి, మొహం తల్లి గుండెకు ఆనించింది. కాసేపటికి నోరు తెరిచి పట్టుకుంది. భవిత ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు.

"తాగుతాందా?" గోడ అవతల నుంచి అడిగింది బాలమణి.

పాలు పడుతున్నాయో లేదో భవితకే తెలియదు. పిల్ల మాత్రం వదలడం లేదు.

"తాగుతాంది, అత్తమ్మా."



"అట్లయితే రేపు గూడ తెస్త," అంది బాలమణి.