ఒకే డబ్బాలో రెండు ఎరలు

ఇది పండు ఈగ మాత్రం కాదు, టీ గ్లాసు అంచు మీద కూర్చుని చేతులు నలుపుకుంటున్న ఈ ఈగ, పండు ఈగే అయితే ఈపాటికి తన చొక్కా మీద వాలేది, ఎన్ని సబ్బులు అరగదీసినా పోని ఎర వాసన, నీతో నీ పెళ్లాం ఎలా కాపురం చేస్తోందిరా బాబూ అని అక్క నవ్వుతూనే ఉంటుంది, తలుపవతల ఆ పేటెంట్ అధికారిణి ఇంకా రాస్తూనే ఉంది కాబోలు, పులిసిన రసం ఎర అందరికీ తెలుసు, మగ ఈగలను లాగే మందూ అందరికీ తెలుసు, తెలిసిన రెండింటిని ఒకే డబ్బాలో కలిపితే కొత్తగా కనిపెట్టినట్టు ఎలా అవుతుందండీ అని ఎంత మెత్తగా అడిగింది, విడివిడిగా పెట్టినదానికి మూడింతలు ఈగలు పడుతున్నాయి కదా మేడమ్ అని తన లాయరు అందుకున్నాడు, సరే, అలా పడతాయని మీకు ముందే అనిపించిందా అని ఆమె తన వైపు తిరిగింది, అప్పుడు ఈ నోరు, ఈ పాడు నోరు, ముందే తెలుసండీ, ఇన్నేళ్ల అనుభవం, ఆ మాత్రం తెలియదా అంది.

లాయరు మొహం మాడిపోయినా తనకు అర్థం కాలేదు, బయటికొచ్చాక చెప్పాడు, మీకు ముందే తెలిస్తే ఈ పనిలో ఉన్న ఎవరికైనా తెలుస్తుందంటారు సార్, ఎవరూ ఊహించనిది జరిగితేనే పేటెంట్, వెళ్లి మాట మార్చుకుంటానంటే పెదవి దాటితే పృథివి దాటినట్టే అన్నాడు, పెద్ద కంపెనీవాళ్లు అప్పుడే తమ డబ్బా కొనుక్కుపోయి విప్పి చూశారట, వచ్చే కాపుకి ప్రతి తోటలో వాళ్ల డబ్బాలే వేలాడతాయి, డబ్బాలు చేసి అమ్ముకోవడానికి అక్కా తనూ నిలబెట్టుకున్న షెడ్డుకి తాళమే, ఏం చెయ్యాలి, ఏమీ లేదు చెయ్యడానికి.

ఫోను మోగింది, అక్కే, ఏమన్నార్రా, ఇంకా పిలవలేదక్కా, అన్నీ చెప్పావా, చెప్పాను, నన్ను తిట్టిన సంగతి కూడానా అని కిసుక్కున నవ్వింది, ఆ రోజు డబ్బాలు చాలక రెండు ఎరలూ ఒకదాంట్లోనే పడేసింది అక్క, బుద్ధుందా నీకు, ఒక వాసన ఇంకోదాన్ని చంపేస్తుంది, ఒక్క ఈగ కూడా పడదు అని తోటలో అందరూ వింటుండగా ఎగిరిపడ్డాడు తను, మర్నాడు మూత తీసి, డబ్బా నిండా ఈగలు చూసి నోరు వెళ్లబెట్టిందీ తనే, అధికారిణి అడిగింది ఆ నోరు వెళ్లబెట్టడం గురించే కదా, పడవనుకున్నానండీ, మా అక్కను తిట్టానండీ అంటే సరిపోయేది, తలుపు తెరుచుకుంది, లాయరు లేచాడు, చెప్పావా లేదా అని అక్క అడుగుతూనే ఉంది, కలిపింది అక్క, పడవని తిట్టింది తను, ఆ తిట్టొక్కటే ఇద్దరినీ కాపాడేది, దాన్నే సిగ్గుపడి దాచుకున్నాడు.