సూదిమొనంత వెలుగు

లోపలి అద్దం ఊడి చేతిలోకి వచ్చేశాక గానీ గుర్తురాలేదు మాస్టారికి, అంచు మీద పెన్సిల్ గీత పెట్టలేదని.

ముప్పై ఆరేళ్లుగా లెన్సులు విప్పుతున్న మనిషి! ముందు గీత, తర్వాతే చెయ్యి. పాత లెన్సులో అద్దాలన్నీ తిప్పి తిప్పి ఒకదానికొకటి కుదిర్చినవి, వెంట్రుకవాసి పక్కకి తిరిగినా బొమ్మ చెడుతుంది. ఇది మరీను. అరవై ఏళ్ల కిందటిది, చేసినవే కొన్ని వందలు. దీని నోరు ఎంత వెడల్పంటే ఒక్క కొవ్వొత్తి వెలుగు చాలు, ఫొటోలో కనురెప్ప వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు, చెవి దగ్గరికొచ్చేసరికి అంతా కరిగి పొగ! ఆ పొగ కోసమే పిచ్చెక్కిపోతారు జనం. దీని ఓనరు పళ్ల డాక్టరు. ఇలాంటివి పంతొమ్మిది ఉన్నాయి ఆయన బీరువాలో. "మా ఆవిడకన్నా దీన్నే ఎక్కువ చూస్తా మాస్టారూ, లోపలి బూజు తీసివ్వండి చాలు," అని ఇచ్చిపోయాడు. ఐదింటికి వస్తాడు. ఇప్పుడు నాలుగు.

కుడికన్ను ఏడాదిగా మసక. ఎవరికీ చెప్పలేదు. ఇది కుదిరితే పని చేస్తా, లేదంటే షాపు మూసేస్తా అని పొద్దున్నే అనుకున్నాడు.

బూజు తుడిచాడు, అద్దం బిగించాడు, లెన్సుని కెమెరాకి తగిలించాడు. గది చివర అట్టకి సూదితో పొడిచిన చిల్లు, దాని వెనక బల్బు. అద్దం సరిగ్గా కుదిరితే ఆ వెలుగు సూదిమొనలా కనబడాలి. చూశాడు. వెలుగైతే ఉంది. చుక్కా, మరకా? తెలీలేదు.

పక్కన భార్య కుట్టుమిషన్ ఆగింది.

"కన్ను సంగతి ఎప్పుడు చెబుదామనుకున్నారు?"

మాస్టారు మళ్లీ కెమెరా మీదికి వంగాడు.

"వారానికి మూడుసార్లు గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకుంటున్నారు. నాకు తెలీదా? జరగండి."

ఆవిడ కన్ను ఆనించింది.

"సూదిమొనలా ఉందా, తోకచుక్కలా ఉందా?"

"తోకచుక్క. ఎడమవైపు తోక."

విప్పాడు, కొంచెం తిప్పాడు, బిగించాడు. "ఇప్పుడు?"

"తోక కిందికొచ్చింది."

మళ్లీ విప్పాడు. "ఇప్పుడు?"

"మీ తమ్ముడి మీసంలా ఉంది."

"ఏ వైపు మీసం?"

"రెండువైపులా!"

మళ్లీ విప్పి, తిప్పి, బిగించాడు. ఐదుకి పది నిమిషాలు. "ఇప్పుడు? మాట్లాడవేం!"

"ఉండండి బాబూ, చూడనివ్వండి... సూదిమొన. అచ్చం సూదిమొన."

డాక్టరు వచ్చి లెన్సుని కిటికీ వైపు ఎత్తి చూసి, "అబ్బ! ఏం చెయ్యండీ మీది!" అన్నాడు.

"చెయ్యి నాదే, కన్ను మా ఆవిడది."

జోకనుకుని పగలబడి నవ్వి, లెన్సుని పసిపిల్లలా పట్టుకుని కారెక్కాడు.

"ఇంకో పదేళ్లు లాగిద్దామే," అంటూ మాస్టారు బల్ల తుడిచాడు. వేలికి ఏదో తగిలింది. నువ్వుగింజలో సగం లేదు. స్క్రూ. లోపలి రింగుని పట్టి ఉంచే మూడింట్లో ఒకటి.

ఆవిడ చూసింది. "బీరువాలో పెట్టుకునేవాడేగా. ఏమవుతుంది?"

"ఏదో ఒకరోజు రింగు వదులవుతుంది."

"అయితే పిలవండి, బిగిద్దాం. నేను చూస్తాగా."

"కన్నంటే నీది వాడుకున్నా. గీత మర్చిపోయా, స్క్రూ మర్చిపోయా. మతి ఎవరిది వాడుకోను?"

ఫోన్ తీశాడు. "డాక్టరుగారూ, ఒక స్క్రూ మిగిలిపోయింది. తప్పు నాదే. కాదండీ, నేను బిగించను. మంచి మనిషున్నాడు, అడ్రసు చెప్తా... రేపు మా ఆవిడ ఇక్కడే ఉంటుంది, స్క్రూ తనిస్తుంది. నేనా? నేనింక రానండీ."

బల్ల లైటు ఆర్పి, భార్య వెనకే మెట్లు దిగాడు.

బల్ల మీద తెల్లకాగితం పొట్లంలో స్క్రూ, పైన మాస్టారి అక్షరాలు ఒకదాని మీదొకటి ఒరిగిపోతూ: "లోపలి రింగు. మూడోది."