మైకు పలకలేదు

పంచదార డబ్బాకు ఫోను ఆనించి, అది జారకుండా ముందు ఉప్పు డబ్బా అడ్డం పెట్టి, గోడౌన్ సూపర్‌వైజరు వెనక్కి వాలి చూసుకున్నాడు. తెరలో తన బట్టతల సగమే పడింది. ఉప్పు డబ్బాను వేలెడు జరిపాడు. ఇప్పుడు గడ్డం కింది ముడతలు కూడా పడ్డాయి. కిటికీ మూశాడు. తలుపు గడియ వేసి, చెవి ఆనించి విన్నాడు.

"ఏమండీ, ఆ ఉప్పు ఇలా ఇవ్వండి. కూరలో వెయ్యాలి," అంది భార్య బయట నుంచి.

"మీటింగయ్యాక వెయ్యి."

"అప్పటికి కూర మాడి బొగ్గవుతుంది. మీ మీటింగును ఎవరెత్తుకుపోతారు గనక!"

తలుపు ఓరగా తీసి డబ్బా అందించి, మళ్లీ గడియ వేసి, ఫోనుకు గ్లాసు అడ్డం పెట్టాడు.

మందుల కంపెనీ గోడౌన్లు చాలా ఊళ్లలో ఉన్నాయి. వాటి సూపర్‌వైజర్లందరూ నెలనెలా హెడ్డాఫీసులో కలిసేవారు. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో, టీ దగ్గర ఎవరు ఎవరిని పక్కకు లాగారో చూస్తే చాలు, ఎవరూ చెప్పని సంగతులన్నీ అతనికి తెలిసిపోయేవి. ముఖం ఎంత నవ్వినా బల్ల కింద కాళ్లు నిజం దాచలేవని అతని నమ్మకం. ఇప్పుడా మీటింగు ఫోనులోకి వచ్చిపడింది. ఎవరికీ కాళ్లు లేవు. భుజాల దాకా కత్తిరించి అతికించిన బొమ్మల్లా వరసగా నవ్వుతారు. ఒకరు కాస్త తల దించితే చాలు, తన గురించే ఇంకొకరికి మెసేజీ కొడుతున్నారని అతని ప్రాణం కొట్టుకుంటుంది.

అందరికన్నా ఎక్కువ అనుమానం 'మైకు' మీద. నది అవతలి గోడౌన్ అతనిది. మైకు లేకుండానే హాలు చివరి వరసదాకా వినిపించే గొంతు గనక ఆ పేరు పడింది. ఇద్దరూ ఏళ్లతరబడి పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. మైకు ఇతని బిస్కెట్లు తినేసి, తన టీ ఇతనికి తోసేవాడు. అలాంటి మనిషి కొన్నాళ్లుగా మీటింగులో నోరు విప్పడు, ముఖం చూపించడు. తెరమీద ఒక నల్ల గడి, అంతే. ఏమడిగినా 'ఉన్నాను', 'సరే' అని టైపు చేస్తాడు. ఫోను చేస్తే ఎత్తడు.

నదికి అటూ ఇటూ ఉన్న రెండు గోడౌన్లనూ కలిపేస్తారట. అప్పుడు ఒక్క సూపర్‌వైజరు చాలు. అతనెవరో ఇవాళే చెబుతారు.

"మొరిగే కుక్క కరవదంటారు. మొరగడం మానేసిందంటే ఏమిటర్థం? మేనేజరుతో చాటుగా బేరం కుదుర్చుకుంటున్నాడు," అన్నాడు పొద్దున భార్యతో.

"కలిసి టీ తాగిన మనిషిని పట్టుకుని కుక్కంటారేమిటండీ!" అందామె.

మీటింగు మొదలైంది. మేనేజరు పాత సంగతులన్నీ చదివి, గొంతు సవరించుకుని, "ఇక అసలు విషయం," అన్నాడు. సూపర్‌వైజరు ఇక ఆగలేకపోయాడు.

"ఒక్క మాటండీ. మైకుగారు ఉన్నారా, ఫోను అక్కడ పడేసి నిద్రపోతున్నారా? దాచుకునేదేమీ లేకపోతే ఒకసారి కెమెరా పెట్టమనండి."

'ఉన్నాను' అని వచ్చింది.

"అది ఎవరైనా కొట్టొచ్చు!"

"ఇప్పుడవన్నీ ఎందుకండీ..." అన్నాడు మేనేజరు, చూపు పక్కకు తిప్పుకుంటూ.

"చూశారా, మీకూ తెలుసన్నమాట!"

నల్ల గడి వెలిగింది. నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారిన కళ్లజోడు, వెనక ఆసుపత్రి వరండా.

"నేను వాళ్లక్కనండీ. ఆపరేషన్లో వాడి గొంతు తీసేశారు. వాడు సైగ చేస్తే నేను టైపు చేస్తున్నాను. ఇవాళ ఊపిరాడక తీసుకొచ్చాం. మీటింగు మానొద్దని ఫోను నా చేతిలో పెట్టి లోపలికెళ్లాడు."

అసలు విషయం చెప్పకుండానే మేనేజరు మీటింగు ముగించాడు. ఒక్కొక్క ముఖమే ఆరిపోయింది.

సూపర్‌వైజరు మేనేజరుకు ఫోను చేసి ఆసుపత్రి ఏదో కనుక్కుని, అన్నం ముట్టకుండా బస్సెక్కి నది దాటాడు. ఆసుపత్రికి చేరేసరికి, మధ్యాహ్నమే ప్రాణం పోయిందని, ఇంటికి తీసుకెళ్లారని చెప్పారు. చిరునామా అడిగి తెలుసుకుని వెళ్లాడు. ఇరుగుపొరుగు వాళ్లు గుమ్మంలో మెల్లగా మాట్లాడుకుంటున్నారు. అతను పలకరించగానే మైకు అక్క ఆ గొంతు గుర్తుపట్టింది.

"బిస్కెట్లాయన మీరేగా? లోపలికి రండి బాబూ."

తలొంచుకుని కూర్చున్నాడు. ఇలాంటి వేళ అడగకూడదని తెలుసు. అయినా నాలుక ఆగలేదు.

"మేనేజరుతో చాటుగా ఏమైనా మాట్లాడేవాడా అక్కా?"

"మాట్లాడటమేమిటి, నాచేత రాయించాడు. మీ ఇద్దరిలో ఎవర్ని ఉంచమంటావని ఆ మేనేజరే అడిగాడట. 'ఆయన్నే ఉంచండి. ఒట్టి అనుమానం మనిషి. ఆయనుంటే గోడౌన్లోంచి చీమ కూడా మాత్ర ఎత్తుకుపోలేదు' అన్నాడు." చెబుతూ చెబుతూ నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆమె లేచి, మీటింగులకు తమ్ముడు కూర్చునే గది చూపించింది. కిటికీ పక్కన చిన్న బల్ల, ఒక కుర్చీ.

"కెమెరా పెట్టేవాడు కాదుగా, ఈ ముస్తాబంతా ఎవరు చూస్తార్రా అన్నా వినేవాడు కాదు," అందామె.

కుర్చీ వీపుకు ఇవాళ్టి కోసం తగిలించిన తెల్ల చొక్కా, మడత చెదరకుండా, కాలరు కింద ముడి వేసి సిద్ధంగా ఉంచిన నీలం టై.