తలుపు బయట కుర్చీ

అక్కను పెట్టిన గది గోడలు మూరెడు మందం. ఆమె కడుపులో అమర్చిన గొట్టంలో రేడియేషన్ గింజలు కూర్చుని, నిదానంగా, సన్నసెగలాగా గడ్డను కాలుస్తుంటాయి. ఎవరైనా లోపలికి వెళ్లాలంటే నర్సు తలుపు పక్కనున్న మీట నొక్కాలి. గింజలు వెనక్కి జారి సీసపు పెట్టెలో దాక్కుంటాయి. మనిషి బయటికొచ్చాక మళ్లీ నొక్కితే మళ్లీ పని మొదలు.

బావ వెళ్లొచ్చాడు. నేల తుడిచే ఆమె కూడా వెళ్లొచ్చింది. వెళ్లనిది చెల్లెలొక్కతే.

చెల్లెలి ఉద్యోగమే కేన్సర్ కణాలతో. ల్యాబులో గాజు పళ్లేల్లో వాటిని పెంచి, ఇలాగే సన్నగా రేడియేషన్ తగిలించి, ఏమవుతాయో చూస్తుంది. పెద్ద దెబ్బ ఒక్కసారి పడితే కణం తేరుకోలేదు. నెమ్మదిగా తగులుతుంటే మాత్రం ఒక పక్క చిరుగుతూనే ఇంకో పక్క అతుకులేసుకుంటుంది. ఆ అతుకుల పనిలో మంచి కణాలే ఘటికులు కాబట్టి ఈ వైద్యం నడుస్తోంది. కానీ ఒకసారి సెలవుల్లో ల్యాబులోని రేడియేషన్ మెషీన్ ఆగిపోయింది. తిరిగొచ్చి చూస్తే, చచ్చాయనుకున్న కణాలు పళ్లెంలో గుంపులు కట్టి ఉన్నాయి. ఆ పళ్లెం ఆమె కళ్లలోంచి పోలేదు.

"ఒసే చిట్టీ," తలుపు మీది మైకులోంచి అక్క పిలిచింది. "బయట కాపలావాడిలా ఏంటే ఆ కూర్చోవడం? లోపలికి రా."

"వస్తే మెషీన్ ఆపాలక్కా. ఆపితే వాటికి ఊపిరి పోసినట్టే."

"వాటి ఊపిరి సరే, నా ఊపిరి సంగతి చూడవే. భయమేస్తోంది. కాసేపు చెయ్యి పట్టుకో, చాలు."

"అయిపోనీ అక్కా. తర్వాత నీ చెయ్యి వదిలితే ఒట్టు."

అక్క నవ్వింది. తర్వాత మైకులో చాలాసేపు ముక్కు ఎగబీల్చుకునే చప్పుడే వినిపించింది. చెల్లెలు రెండు చేతులూ ఒళ్లో బిగించుకుని, కుర్చీలోంచి కదల్లేదు. మొండితనానికి చదువు తోడైతే ఇంతే, ఎవరు చెప్పినా వినదు.

గడ్డ మొదట కరిగింది. ఇల్లంతా తేలికపడింది. తర్వాత మళ్లీ లేచింది, ఈసారి ఊపిరితిత్తుల్లో కూడా. ఇంక చేసేదేమీ లేదని డాక్టరమ్మ చెప్పిన రోజు, చెల్లెలు ఆవిడ వెనకే వరండాలోకి నడిచింది.

"అప్పుడు అందరూ లోపలికి వెళ్తూ మెషీన్ ఆపించారు కదండీ. దానివల్లేనా?"

"అబ్బే, కాసేపు ఆగితే ఏం కాదమ్మా. ఆగిన సమయాన్ని మెషీనే చివర్లో కలుపుకుంటుంది. మీకు తెలియనిదా?"

తెలుసు. నమ్మడానికే ధైర్యం చాల్లేదు. ఆ వరండాలోనే గోడకానుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

అక్కను ఇంటికి తెచ్చి కిటికీ పక్కన మంచం వేశారు. చెల్లెలు వచ్చి, అలవాటు కొద్దీ గుమ్మంలోనే ఆగిపోయింది.

"రావే చిట్టీ," అంది అక్క పీలగొంతుతో. "ఇప్పుడు ఆపడానికేం లేదుగా."

చెల్లెలు పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. అక్క వేళ్లకు తిరిగి పట్టుకునే బలం లేదు.