పట్టు తప్పిన చెయ్యి

ఎర్ర పైపు పానాకున్న పాత ధర చీటీ మీద కొత్త చీటీ అతికించి, గోటితో అంచులు నొక్కుతున్నాడు గుమాస్తా. ఇనుప సామాన్ల కొట్టులో ఇరవై ఆరేళ్ళు అదే బల్ల వెనక నిలబడి నిలబడి అతని నడుం ముందుకు వంగిపోయింది. ఏ పానా అయినా అరచేతిలో పెట్టుకుంటే చాలు, బరువు చెప్పేస్తాడు. ఈ కంపెనీ పైపు పానాలు తేలికైపోయాయని అందరికంటే ముందు తెలిసింది అతనికే. పేరు అదే, ఎర్ర రంగూ అదే. ధర మాత్రం ఏడాదికి రెండుసార్లు పెరుగుతోంది. నిరుడు ముగ్గురు, పళ్ళు అరిగిపోయాయని తిరిగి తెచ్చారు.

"జనం పేరు చూసి కొంటారయ్యా. నీకెందుకు, నోరు మూసుకో" అన్నాడు యజమాని.

మూసుకున్నాడు.

మధ్యాహ్నం ప్లంబరు వచ్చాడు. గుమ్మంలో తల వంచి రావలసినంత పొడుగు మనిషి. కుడి మణికట్టుకు కట్టు. ఆర్నెల్ల కిందట "ఏది మంచిది తమ్ముడూ?" అని అతనడిగితే గుమాస్తా ఎర్ర పానాయే చేతిలో పెట్టాడు. నువ్విచ్చాక ఇంక చూసేదేముందంటూ అతను దాన్ని తిప్పి కూడా చూడలేదు.

"చేతికేమైందన్నా?"

"పట్టు తప్పుతోంది. పైపు బిగిస్తుంటే జారిపోతోంది. మొన్న మేడమీద ట్యాంకు దగ్గర జారి గోడకేసి కొట్టుకున్నా." ప్లంబరు నవ్వబోయాడు. "పానా చూస్తే కొత్తది, పైగా నువ్విచ్చింది. లోపం నా చేతిలోనే ఉంది. అరవై దాటాయిగా, ఇక చాల్లే. సాయంత్రం అల్లుడొస్తున్నాడు. వాళ్ళ ఊరెళ్ళిపోతున్నా. నీకో మాట చెప్పి పోదామని వచ్చా."

గుమాస్తా నోటిదాకా వచ్చింది మాట. బల్ల చివర యజమాని పేపరు దించి చూశాడు.

"వెళ్ళిరా అన్నా. ఒళ్ళు జాగ్రత్త" అన్నాడు గుమాస్తా.

నాలుగింటికి ఎవరో మేస్త్రీ వచ్చి ఎర్ర పానా అడిగాడు. "అది వద్దండీ, పళ్ళు నిలవవు" అనేశాడు, యజమాని వింటుండగానే. అని, తనే నివ్వెరపోయాడు. ఇంత తేలికైన మాట మధ్యాహ్నం ఏ గంగలో కలిసింది? యజమాని కేకేస్తున్నా ఆగకుండా మెట్లు దిగిపోయాడు.

ప్లంబరు గది తలుపు బార్లా తెరిచి ఉంది. గది అద్దెకిచ్చిన ఇంటావిడ నేల తుడుస్తోంది.

"ఇప్పుడే బస్సుకెళ్ళారండీ. పనిముట్లన్నీ పాత ఇనుముకి వేసేశారు."

గుమాస్తా అక్కడే నిలబడి ఫోను చేశాడు. అవతల బస్సు రొద.

"అన్నా, నీ చెయ్యి మంచిదే! తప్పు పానాది! తెలిసే ఇచ్చాను!"

"ఏంటీ? చెయ్యా? తగ్గిపోతుందిలే తమ్ముడూ, బెంగపడకు..."

ఫోను తెగిపోయింది. మళ్ళీ చేస్తే కలవలేదు.

"పట్టు రావాలని పొద్దున్నా సాయంత్రం దాన్ని నొక్కుతూ కూర్చునేవారు పాపం" అంది ఇంటావిడ, కిటికీ వైపు చూపిస్తూ.

కిటికీ పక్క గూట్లో పిల్లలాడుకునే రబ్బరు బంతి ఒకటి ఉంది, నాలుగు వేళ్ళూ పడిన చోట రంగుపోయి, నున్నగా.