ఐదో నట్టు

ఆ రోజు భీముడు నిజంగానే నిద్రపోయాడా, లేక కళ్లు మూసుకుని ఊరికే పడుకున్నాడా? ఇరవై రెండేళ్లుగా స్తెఫనుకు ఈ సంగతి తేలలేదు. ప్రార్థనలో కూర్చున్నా, అన్నం ముందు కూర్చున్నా ఎప్పుడో ఒకప్పుడు గుర్తొచ్చేది. ఈ ఉదయం భీముడి జీపు ముందు చక్రం కింద జాకీ పెట్టి లేపుతుంటే మళ్లీ గుర్తొచ్చింది.

అరకులో రైలు గేటు దాటి సంత మైదానానికి వెళ్లే దారిలో అతని రేకుల షెడ్డు ఉంది. బోర్డు మీద రంగంతా వెలిసిపోయి చక్రం బొమ్మ ఒక్కటే మిగిలింది. స్తెఫనుకు యాభై తొమ్మిదేళ్లు. స్పానరు మీద బరువు వేసీ వేసీ కుడి భుజం ఎడమదానికంటే కిందికి జారింది. కళ్లజోడు ఒక కాడ విరిగితే నూలుదారం కట్టుకున్నాడు. చొక్కా జేబులో అరచేయంత కొత్త నిబంధన పుస్తకం. దాని పక్కన గుడ్డముక్కలో చుట్టిన ఇనుప నట్టు ఒకటి. ఆ నట్టు అయిదేళ్లుగా ఆ జేబులోనే ఉంది. చొక్కా మార్చినప్పుడల్లా పుస్తకంతోపాటు అదీ మారుతుంది.

"బావా, ఈటిని సూత్తంటే నా జీపుకి బోదకాలొచ్చినట్టున్నాది," అన్నాడు భీముడు, గోడకు ఆనించిన కొత్త చక్రాల వంక చూసి.

పాత టైర్ల దొంతర మీద కూర్చున్నాడతను. ఒళ్లో గుడ్డసంచి, భుజాన ఎర్ర తువ్వాలు. స్తెఫను కన్నా ఆరేళ్లు పెద్ద. ఎడమ కంట్లో పొర కమ్మింది. అందుకని లైసెన్సు మళ్లీ రాలేదు. సంతకు పోయే జనం ఆటోలకు అలవాటు పడ్డారు. ఇంటి మనిషి పోయి మూడేళ్లయింది. కూతురు రత్న చింతూరులో హాస్టలు వార్డెను, వచ్చెయ్యమని రెండేళ్లుగా పోరుతోంది. చివరికి జీపు అమ్మేశాడు. మూడు గంటల బస్సుకు బయలుదేరాలి.

జీపు కొన్నది సురేంద్ర. కొండ మీద మంచు చూడటానికి వచ్చేవాళ్లకు గుడారాలు వేసి అద్దెకిచ్చే కుర్రాడు. విశాఖపట్నం నుంచి నాలుగు వెడల్పు చక్రాలు తెచ్చి పడేశాడు.

"తాతా, దాన్ని లుక్కంటారు," అన్నాడు సురేంద్ర ఫోను లోంచి తలెత్తకుండా.

"నీ లుక్కు బురదలో దిగబడితే నువ్వే తొయ్యాల మరి."

స్తెఫను నవ్వాడు కాని భీముడి మాట నిజమే. పాత చక్రం సన్నగా ఉండి బురదను కత్తిలా కోసుకుని అడుగునున్న గట్టి నేలను పట్టుకుంటుంది. వెడల్పుది ఇసుకలో బాగానే పోతుంది గాని, తడిసిన ఎర్రమట్టి మీద జారుతుంది. ఈ మాట సురేంద్రకు ముందే చెప్పాడు. మంచు చూడటానికొచ్చేవాళ్లు బురదలోకి రారు మేస్త్రీ అన్నాడతను.

కుడివైపు రెండు చక్రాలూ పదిన్నరకల్లా అయిపోయాయి. స్టీరింగు పూర్తిగా తిప్పి చూస్తే ముందు టైరు బండి బరువు మోసే కమానుపట్టీని రాసుకుంది. వంగి వేలు పెట్టి చూశాడు. వేలు దూరలేదు. ఇరుసు దగ్గర స్టీరింగును ఆపే బోల్టును రెండు చుట్లు బయటికి తీసి మళ్లీ తిప్పాడు. ఈసారి రెండు వేళ్ల సందు వచ్చింది. జీపు ఇక మునుపటంత మలుపు తిరగదు. ఘాటు రోడ్డు వంపుల్లో ఒకసారి వెనక్కి తీసుకుని తిప్పుకోవాలి. ఆ మాట కూడా సురేంద్రకు చెప్పాడు. మడ్‌గార్డు అంచు తగలకుండా సుత్తితో లోపలికి మడిచాడు.

ఎడమవైపు పని వేరు. ఆ కాలపు జీపులకు ఎడమ చక్రాల నట్లు అందరికీ తెలిసినట్టు కుడికి తిప్పితే బిగుసుకోవు, ఎడమకు తిప్పాలి. కొత్త చక్రాలతో వచ్చిన నట్లన్నీ కుడిమరవే. అందుకని ఎడమవైపు చక్రాలెక్కే హబ్బుల్లోంచి పాత స్టడ్లు సుత్తితో కొట్టి తీసి, కుడిమర స్టడ్లు ఎక్కించాలి. స్టడ్డంటే నట్టు ఎక్కే ఇనుప కాడ. ముందుది పన్నెండింటికి ముగించాడు. వెనకది మిగిలింది.

ఆ వెనక ఎడమ చక్రానికే నాలుగు నట్లున్నాయి. ఐదో కాడకు వెదురు ముక్క తొడిగి ఉంది. ఒకవైపు కణుపుతో మూసుకున్న బొటనవేలంత ముక్క, టోపీలాగా.

ఆ ముక్క కూడా రాలగొట్టాక ఐదో కాడా పోతుంది. జేబులోని నట్టుకు ఈ లోకంలో ఇక చోటుండదు.

"టిఫినీ సెయ్యవేటి?" అన్నాడు భీముడు.

"ఇది సేసి సేత్తాను."

కాని చెయ్యి కదల్లేదు. స్పానరు గుడ్డతో తుడిచాడు. మళ్లీ తుడిచాడు.

ఇరవై రెండేళ్ల కిందట, ఇలాగే శుక్రవారం సంత రోజు. ఆషాఢం వాన. స్తెఫను భార్య సిల్వియాకు రెండు రోజులుగా నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది, కిందికి తీసుకుపోకపోతే ఇద్దరూ దక్కరని నర్సమ్మ చెప్పింది. మిషను ఆసుపత్రి జీపు వచ్చి షెడ్డు ముందు ఆగింది. దాని వెనక ఎడమ చక్రానికి ఐదింట్లో రెండు నట్లే మిగిలాయి, ముందు ఎడమదానికి మూడే. రెంటితో ఘాటు దిగను, మూడైనా ఉంటే దేవుడి మీద భారం వేసి దిగుతానన్నాడు డ్రైవరు. కుడిమర నట్లు షెడ్డులో డబ్బాడున్నాయి. ఎడమమర ఒక్కటీ లేదు.

ఎదురుగా భీముడి జీపు ఆగి ఉంది. ముందు సీట్ల మీద అడ్డంగా పడుకుని ఉన్నాడతను, ముఖాన ఎర్ర తువ్వాలు కప్పుకుని. అప్పటికి వాళ్లిద్దరిదీ ముఖపరిచయమే. లేపి అడగొచ్చు. ఇవ్వనంటే? తిరుగు ప్రయాణానికి పద్దెనిమిది మందిని ఎక్కించుకునే మనిషి, చక్రం నట్టు ఎవరికిస్తాడు? స్తెఫను వానలో కూర్చుని స్పానరు వేశాడు. నట్టు కదిలినప్పుడు కిర్రుమంది, జీపు ఊగింది. తువ్వాలు కదల్లేదు.

మిషను జీపు మూడు నట్లతో ఘాటు దిగింది. తెల్లారేసరికి కూతురు బేబి పుట్టింది. ఆ రాత్రంతా ఆసుపత్రి వరండాలో స్తెఫను భార్యాబిడ్డల కోసం ఎంత వేడుకున్నాడో, నాలుగు నట్ల చక్రం మీద కొండెక్కుతున్న ఆ పద్దెనిమిది మంది కోసం అంతా వేడుకున్నాడు. వాళ్లు క్షేమంగా ఇళ్లు చేరారు. ఒక ప్రాణం నిలపడానికి ఇంకొకరి చక్రం లోంచి తియ్యమని దేవుడంటాడా? తీశాక కూడా అందరినీ కాపాడాడంటే తప్పు లేదనా, కనికరించాడనా? పాస్టరుగారిని అడుగుదామనుకున్నాడు. అడగలేదు. ఆదివారం అందరితో కలిసి ప్రార్థన చెప్పేటప్పుడు 'మా ఋణములు క్షమించుము' అని అప్పుల మాట వచ్చే చోట అతని గొంతు మాత్రం తగ్గిపోయేది.

మరుసటి శుక్రవారం భీముడు జీపు తెచ్చి, "ఓపాలి సక్రాలు సూడు బావా," అన్నాడు. బావా అనడం అదే మొదలు. వెనక ఎడమ చక్రానికి ఐదో కాడ మీద పచ్చి వెదురు టోపీ ఉంది. నట్టేదని అతనడగలేదు. స్తెఫను చెప్పలేదు. మిగిలిన నాలుగూ ఒక్కొక్కటే బిగించి, డబ్బులు వద్దన్నాడు. ఆ తర్వాత శుక్రవారం మళ్లీ. అలాగే ఇరవై రెండేళ్లు. భీముడు ఊరికే చేయించుకునేవాడు కాదు. అడ్డాకులో చుట్టి పిడికెడు మిరియాలో, చోళ్లో, సీతాఫలాలో సీటు మీద వదిలేవాడు. ఎండకు వెదురు పగిలితే కొత్తది తొడిగేవాడు. ఒక వారం పచ్చగా, కొన్నాళ్లకు పసుపుగా, మళ్లీ పచ్చగా. అది ఎత్తిపొడుపో, గుర్తు చెయ్యడమో, ఊరికే కాడకు అడ్డమో స్తెఫనుకు తెలిసేది కాదు. దాన్ని అతను ఒక్కసారీ ముట్టుకోలేదు.

ఎడమమర నట్టు కోసం ఎన్ని ఊళ్లు తిరిగాడో. అయిదేళ్ల కిందట సీలేరు ప్రాజెక్టు కాలనీలో పాత ఇనుము కొట్లో దొరికింది. దొరికిన శుక్రవారమే ఇచ్చేద్దామనుకున్నాడు. ఇస్తే ఎందుకని అడుగుతాడు. సిగ్గేసింది. సిగ్గు ఒక్కటే కాదేమోనని ఈమధ్య అనిపిస్తోంది. ఐదు నట్లూ ఉన్న చక్రాన్ని వారం వారం ఎవరు చూపిస్తారు?

"ఏం మేస్త్రీ, మూడింటికి నాకు కస్టమర్లున్నారు," అన్నాడు సురేంద్ర.

స్తెఫను చక్రం ముందు కూర్చున్నాడు. నాలుగు నట్ల జోలికి పోకుండా, ముందు ఆ వెదురు టోపీని రెండు వేళ్లతో పట్టి లాగాడు. మెత్తగా ఊడివచ్చింది.

లోపల నిండా గ్రీజు. పాతది ఎండి నల్లబడింది కాదు, పసుపుపచ్చగా నిన్నో మొన్నో పెట్టినట్టుంది. గుడ్డతో తుడిస్తే కాడ మీది మరలు వెండిలా మెరిశాయి. ఎక్కడా తుప్పు మచ్చ లేదు. పక్క నాలుగింటి చివర్లూ ఎర్రగా తుప్పుబట్టి ఉన్నాయి. ఇరవై రెండు వానాకాలాలు ఈ ఒక్కదాన్నే తాకలేదు.

వెనక టైర్ల దొంతర మీంచి భీముడి గొంతు వినబడింది.

"తుప్పట్టిపోతే మరి నట్టు పట్టదు గదేటి, బావా."

స్తెఫను జేబులోంచి గుడ్డముక్క తీసి విప్పాడు. నట్టును కాడ మీద పెట్టి, ఎడమకు తిప్పాడు. స్పానరక్కర్లేకుండా వేళ్లకే పాకుతూ పోయి చక్రాన్ని ఆనుకుంది. అప్పుడు స్పానరు వేసి బిగించాడు. బిగువు సరిగ్గానే పడింది.

భీముడు వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. పొర లేని కన్ను దగ్గరగా పెట్టి చూసి, ఐదింటినీ వేలితో తడిమి లెక్కపెట్టాడు.

"ఇప్పుడు నట్లు ఇప్పీ," అన్నాడు.

"ఒక్క రౌండెల్లొద్దాం," అన్నాడు స్తెఫను.

"కుడోపు బోదకాలు, ఎడమోపు పుల్లకాలు. జనం నవ్వుతారు."

"నవ్వనీ."

నిజానికి ముందు ఎడమవైపూ వెడల్పు చక్రమే. వెనక ఎడమది ఒక్కటే పాతది. సురేంద్ర ఏదో అనబోయి, ఇద్దరి ముఖాలూ చూసి తాళంచెవి ఇచ్చాడు. భీముడు డ్రైవరు సీటు దగ్గర ఒక క్షణం నిలబడి, కన్ను నలుపుకుని, చుట్టూ తిరిగి వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాడు. జీపు ఒక మూలకు ఒరిగి, మెల్లగా సంత మైదానం వైపు కదిలింది. చింతపండు బుట్టల పక్కన కూర్చున్న ఆడవాళ్లు నిజంగానే నవ్వారు. స్టీరింగు బరువుగా తగిలింది స్తెఫనుకు.

"బావా," అన్నాడు. "ఆ పొద్దు నువ్వు..."

భీముడు భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి దులిపి, ముఖం మీద కప్పుకుని, సీట్లో వెనక్కి వాలాడు. స్తెఫను ఓరగా చూశాడు. కాసేపటికి అతని పొట్ట కదలడం మొదలైంది. నవ్వుతున్నాడు. స్తెఫనుకు నవ్వూ వచ్చింది, కళ్లజోడు తడిసి దారీ కనబడలేదు. జీపు పక్కకు ఆపి తుడుచుకోవలసి వచ్చింది.

"ఆడగుంట బాగున్నాదా?" అని అడిగాడు భీముడు, తువ్వాలు తియ్యకుండానే.

"నర్సు పని సేత్తన్నాది. వచ్చే నెలలో ఉద్యోగం పరమనెంటు."

"మంచిదే. నాలుగు నట్లతో తిరిగినా నాకేటి తక్కువైపోనాది."

షెడ్డుకు తిరిగి వచ్చారు. స్తెఫను ఐదు నట్లూ విప్పి బల్ల మీద వరసగా పెట్టాడు. చక్రం తీసి, హబ్బు ఊడదీసి, పాత కాడల్ని ఒక్కొక్కటే సుత్తితో కొట్టాడు. మెరుస్తున్నదాన్ని చివరికి ఉంచాడు. అది తేలిగ్గా రాలేదు. ఆరు దెబ్బలు పట్టింది. ఆ చప్పుడులో బస్సు హారను వినబడిందో లేదో అతనికి తెలియలేదు. కొత్త కాడలు ఎక్కించి, వెడల్పు చక్రం పెట్టి, నట్లు ఎదురెదురుగా బిగించి తల ఎత్తేసరికి టైర్ల దొంతర మీద ఎవరూ లేరు. గుడ్డసంచీ లేదు.

"తాత ఎల్లిపోయాడు మేస్త్రీ," అన్నాడు సురేంద్ర. "పిలుద్దామంటే వద్దన్నాడు. పని మీదున్నోడిని కదపకూడదంట."

యాభై కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించుకోవాలని స్తెఫను అతనికి చెప్పాడు. అలాగే అని జీపెక్కాడతను. వెడల్పు చక్రాలు రోడ్డు మీద కొత్త రకంగా బుసబుసమంటూ పోయాయి. సీటు మీద ఆకుపొట్లం ఉందేమోనని చూసుకోవాలన్న సంగతి జీపు మలుపు తిరిగాక గాని స్తెఫనుకు తోచలేదు.

చేతులు కడుక్కుని బల్ల దగ్గరికి వచ్చాడు. పాత నట్లు నాలుగే ఉన్నాయి. కింద వెతికాడు, కాడల కుప్పలో వెతికాడు. తర్వాత వెతకడం మానేశాడు. భీముడు తనది తాను పట్టుకుపోయాడు.

ఐదోది ఉన్న చోట వెదురు టోపీ ఉంది, నోరు పైకి పెట్టి, లోపల పసుపుపచ్చని గ్రీజులో కాడ మరల గుర్తులు చుట్లు చుట్లుగా అలాగే నిలిచి.