వరసకో ముద్ద

నాటకాల వాళ్ళకు విగ్గులు కట్టే అత్తకు అబద్ధాలు కొత్త కాదు. బట్టతల రాజులకు గిరజాలు పెట్టి పంపడమే ఆమె పని. కానీ సొంత మేనకోడలి దగ్గర కూడా అబద్ధం ఆడాల్సి వస్తుందని ఆమె అనుకోలేదు.

ఆ పిల్ల తిండి మానేసి, ఎముకల గూడై, ఆసుపత్రిలో ఉండి వచ్చింది. మళ్ళీ తినడం మొదలుపెట్టిన కొన్నాళ్ళకు జుట్టు కుచ్చులుగా ఊడసాగింది. పస్తుల దెబ్బ జుట్టుకు ఆలస్యంగా తగులుతుందనీ, తింటూ ఉంటే మళ్ళీ మొలుస్తుందనీ డాక్టరు చెప్పాడు. పిల్ల నమ్మలేదు. తలకు గుడ్డ కట్టుకుని అద్దాలకు దూరంగా తిరిగింది.

"తిననన్నాళ్ళూ ఊడలేదు. తింటుంటే ఊడుతోంది. తప్పెవరిదో నువ్వే చెప్పత్తా" అని ఒకరోజు కంచం అవతలకు నెట్టేసింది.

అత్త కంచాన్ని మళ్ళీ ఇటు జరిపింది. మొహం మామూలుగా పెట్టింది.

"సరేలే, నీకో విగ్గు కడతాను. కానీ నా పనికో పద్ధతుంది. కట్టించుకునేవాళ్ళు ఎదురుగా కూర్చుని వరసకో ముద్ద తినాలి. లేకపోతే తలకు కుదరదు."

"నాటకాల వాళ్ళంతా అలాగే తింటున్నారా?"

"తినకే కదా, మొన్న నాటకంలో సేనాపతి విగ్గు యుద్ధం మధ్యలో జారిపోయింది!"

పిల్ల నవ్వాపుకుంటూ కూర్చుంది.

చెక్క తలకు వలటోపీ తొడిగి, కొక్కెం సూదితో ఒక్కో వెంట్రుకా లాగి వరసలుగా ముడివేయడం అత్త పని. సహజంగా నిదానస్తురాలు. ఇప్పుడు చేతులకు రెక్కలొచ్చాయి. చెవి పక్కన వచ్చే పొట్టి వరసలంటే మరీ ప్రేమ.

"అది వరసా? నాలుగు వెంట్రుకలత్తా!"

"కట్టేది నువ్వా, నేనా? నోరు తెరువు కోడలు పిల్లా."

"మోసం!"

"అవును. తిను."

కొన్ని రోజులు పిల్ల ముద్ద చేతిలో పట్టుకుని ఏడ్చేది. అత్త సూది ఆపి ఎదురుచూసేది.

విగ్గు పూర్తయింది. గుడ్డ విప్పి తొడిగితే నుదుటి దగ్గర నిలవదు. నొక్కితే మళ్ళీ లేచింది. అత్త విసుక్కుంటూ దాన్ని తీసి, కళ్ళజోడు సవరించుకుని చూసింది. నుదుటి అంచు పొడుగునా పొట్టి పొట్టి కొత్త వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"ఓసి దొంగదానా! నా పనంతా చెడగొట్టావు కదే!"

పిల్ల వేలితో తడుముకుంది. అద్దం దగ్గరకు పరుగెత్తింది. "ముళ్ళపందిలా ఉన్నానా?"

"ముళ్ళపందికి ఇంత పొగరుండదు."

అంతలోనే అత్తకు తట్టింది. ఇక విగ్గు అక్కర్లేదు. వరసలు లేకపోతే ముద్దలూ లేవు. భోజనం వేళయింది. కంచం పెట్టి, ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పిల్ల వచ్చి కూర్చుని చాలాసేపు కంచం వైపు చూసింది.

"అలా చూడకత్తా. నువ్వు చూస్తుంటే దిగదు."

అత్త గోడవైపు తిరిగింది. వెనక కంచం చప్పుడైంది. ఆగింది. మళ్ళీ చప్పుడైంది.

"ఇటు తిరగొచ్చా?" అని గోడనే అడిగింది.

"ఉండు" అంది పిల్ల, నోటినిండా ముద్దతో.